చేపల బుట్టకు గొంతు అల్లిన చేయి

కోడి మెడ కోసి ఆ రక్తాన్ని వెదురు బుట్ట మూతికి పూస్తుంటే మొదటిసారి చూసినప్పుడు నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. రక్తానికి కాదు. మాంసం వండుకునే ఇంట్లోనే పుట్టాను. రక్తం మీద పసుపు, పసుపు మీద కుంకుమ, కుంకుమ మీద ఈగలు. ఆ ఈగల ముందు చేతులు జోడించి నిలబడ్డ పదిహేను మంది మగవాళ్ళు. పొద్దున్నే తాగిన కల్లు వాసన వాళ్ళ నోళ్ళలోంచి వస్తున్నది. ఒకడు తేన్పు తీసి, ఆ తేన్పు మీదే మళ్ళీ దణ్ణం పెట్టుకున్నాడు. బుట్టను నీళ్ళలోకి దించాక రక్తం తెట్టెలా తేలి, ఒడ్డున ఆడవాళ్ళు బిందెలు ముంచుకునే వైపుకే కొట్టుకుపోయింది. వాళ్ళు బిందె అడుగుతో ఆ తెట్టెను పక్కకు నెట్టి నీళ్ళు ముంచుకున్నారు.

రాయదుర్గానికీ పుప్పాలగూడకూ మధ్య ఒక చిన్న ఊరి చెరువు అది. డెబ్భయ్యో దశకం మొదట్లో ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు పంతులుగా నన్ను వేశారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. మా ఊళ్ళో సాయంత్రమైతే గ్రంథాలయం అరుగు మీద దేవుడున్నాడా లేడా అని గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్ళం. అక్కడ పెద్దవాళ్ళు మాకు ఒక పద్ధతి నేర్పారు. నీ దగ్గరున్న గట్టి రుజువును ముందే బయటపెట్టకు, ఎదుటివాడు అన్ని తలుపులూ మూసుకున్నాక దాన్ని తీసి ముందు పెట్టు అని. ఆ విద్య నాకు బాగా అబ్బింది.

తొలకరి వానలకు చెరువు నిండి అలుగు పారితే చేపలు కొత్త నీటికి ఎదురెక్కుతాయి. ఆ దారిలో రాళ్ళు పేర్చి, సందుల్లో వెదురు బుట్టలు పెట్టేవాళ్ళు. చేప లోపలికి పోతుంది, తిరిగి రాలేదు. ఆ ఊరి చేపల వాళ్ళ లెక్కలో కొత్త బుట్ట అంటే కొత్త కోడలు. అందుకే పసుపు కుంకుమలు. భార్య బతికున్న మగవాడే దాన్ని అల్లాలి. మామూలు ఆడది ముట్టుకుంటే మైల. మొగుడు పోయిన ఆడది ముట్టుకుంటే చేప పడదు, చెరువు ఎండుతుంది. ఇవన్నీ నాకు వాళ్ళ పెద్దే చెప్పాడు. యాభై దాటిన మనిషి, చెవులకు పోగులు, మాటకు ముందు ఒకసారి ఉమ్మి గానీ మొదలుపెట్టేవాడు కాదు.

ఆ బుట్టలు ఎవరు అల్లేవాళ్ళో నాకు తెలుసు. నేను కిరాయికి ఉన్న గది మేదరి ఇంటిని ఆనుకునే ఉండేది. పెరళ్ళ మధ్య నడుమెత్తు మట్టిగోడ. వాళ్ళ పెరట్లో ఒక గుంట తవ్వి, పురుగు పట్టకుండా వెదురును అందులో నానబెట్టేవాళ్ళు. వారం గడిచేసరికి ఆ నీళ్ళు పచ్చగా చిక్కబడి, మురిగిన కోడిగుడ్ల వాసన కొట్టేవి. అన్నం కలుపుకుంటే ఆ వాసన కంచంలోకి వచ్చేది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే కంపు.

ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ముగ్గురు. మేదరి, అతని భార్య, అన్న చనిపోయాక వాళ్ళ దగ్గరే ఉంటున్న అతని వదిన. ఆ వదినకు ముప్పై ఏళ్ళు ఉంటాయి. ఊరికి తెలిసిన సంగతి, మేదరి బుట్టలు అల్లుతాడని. నాకు తెలిసిన సంగతి, అతను బుట్ట ఒళ్ళు మాత్రమే అల్లుతాడని. మూతి నుంచి లోపలికి దిగి చేపను తిరిగి రానివ్వని గరాటు, వాళ్ళ మాటలో గొంతు, ఆమె అల్లేది. పెరట్లో ఒక మూల గోనెపట్టా అడ్డం కట్టుకుని, ఎవరైనా వస్తే చేతిలో పని కింద పడేసి పొయ్యి దగ్గరికి పోయేది. ఆ గొంతు వల్లే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ ఇంటి బుట్టల కోసం వచ్చేవాళ్ళు. ఆ గొంతు వల్లే మరిది ఆమెకు ఇంట్లో ఇంత చోటిచ్చాడు. పుట్టింట్లో ఎవరూ లేరు. ఈ గుట్టు బయటపడితే ఆమెకు చేతిలో పనీ ఉండదు, తలమీద కప్పూ ఉండదు. ఇది ఆమే నాకు చెప్పింది, గోడకవతల నిలబడి, ఉల్లిపాయల ధర గురించి చెప్పినంత మామూలుగా.

ఆ పనిని నేను ఎన్నో ఆదివారాలు చూశాను. వెదురు బొంగును నిలువునా చీల్చి, లోపలి మెత్తటి భాగాన్ని గీకి పారేసేది. పైన పచ్చటి చర్మం ఉన్న బద్దనే ఉంచుకునేది, వంచినా తిరిగి లేచే గుణం దానికే ఉంటుంది కనుక. ఆ బద్దలను బుట్ట మూతి నుంచి లోపలికి గరాటులా పేర్చి, మొదట్లో దగ్గరగా, పోనుపోను ఇంకా దగ్గరగా కట్టుకుంటూ పోయేది. ప్రతి బద్ద కొననూ ఆకంత పలచగా చెక్కేది. ముక్కుతో నెడితే కొనలు విచ్చుకోవాలి, చేప లోపలికి దూరగానే మూసుకోవాలి. కొన మందమైతే చేప లోపలికి రాదు, మరీ పలచనైతే పెద్ద చేప విరగ్గొట్టుకుని పోతుంది. ఇంత అని కొలిచే కర్ర లేదు, ఆమె బొటనవేలే కొలత. అంతా అయ్యాక పిడికిలి బిగించి లోపలికి తోసి, బయటికి లాగేది. కొనలు మణికట్టును పట్టుకోవాలి. ఆమె రెండు మణికట్ల చుట్టూ గాట్లు, కొన్ని ఎండినవి, కొన్ని చీము పట్టినవి. గాజులు ఉండే చోట.

ఇంత పని చేసిన చేయి ముట్టుకుంటే మైల, కోడిని కోసిన చేయి ముట్టుకుంటే పవిత్రం. ఈ మాట ఆమెతోనే అన్నాను. ఆమె తలెత్తకుండానే అన్నది.

"నాకు చెప్పుడెందుకు సారూ? నాకు ఎర్కలేదా?"

"అందరికీ తెలిసేలా చెప్పాలండి. ఊరుకుంటే ఇది ఎప్పటికీ పోదు."

"నీ పుస్తకాలల్ల చేపలు పడ్తయా? పడితే జర ఒక పుస్తకం ఇయ్యి, అలుగుల పెట్టి చూద్దాం." అని, బద్ద కొన పళ్ళతో పట్టుకుని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా మేనత్త గుర్తొచ్చింది. పదిహేడేళ్ళకు భర్త పోయిన మనిషి. మా ఇంట్లో పెళ్ళి వస్తే వంద మందికి వంట చేసేది, తాళి కట్టేవేళకు ఆమెను వంటింట్లో పెట్టి తలుపు దగ్గరికి వేసేవాళ్ళు. ఆమె వండిన లడ్డూలు పెళ్ళికొడుకు చేతిలో ఉండేవి. చిన్నతనంలో ఆ లడ్డూలు నేనూ తిన్నాను. ఆ సంగతి తలుచుకుంటే నోట్లో ఇప్పటికీ ఏదో పాచి రుచి.

రెండో ఏడాది వానాకాలానికి ముందు చేపల పెద్దతో నాకు చెరువు కట్ట మీద వాదం జరిగింది. పదిమంది చుట్టూ చేరారు. కోడి రక్తానికీ చేపకూ సంబంధమేమిటని అడిగాను. మీ తాతల నాడు ఎండిన చెరువులకు ఏ విధవ కారణమో పేర్లు చెప్పమన్నాను. అతను ఉమ్మి, ఆంధ్ర నుంచి వచ్చినవాడికి మా చెరువు సంగతేం తెలుసన్నాడు. నీళ్ళు ఎక్కడైనా పల్లానికే పారతాయన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కింది. సరే, పరీక్ష పెడదాం అన్నాను. మీకు నచ్చినవాడు అల్లిన బుట్ట ఒకటి, ఒక విధవ అల్లిన బుట్ట ఒకటి, పక్కపక్క సందుల్లో పెడదాం. ఎందులో ఎక్కువ పడతాయో చూద్దాం. అతను ఒప్పుకోడనుకున్నాను. పదిమంది ముందు తగ్గలేక ఒప్పుకున్నాడు. విధవ బుట్ట ఖాళీగా వస్తే మళ్ళీ ఈ మాటెత్తనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఒట్లు నమ్మని నేను ఒట్టు వేశాను. ఆ బుట్ట అల్లేది ఎవరని అడిగితే, దూరపు ఊరి మనిషని చెప్పాను.

మా ఊరికి పంపాలని చెప్పి మేదరి దగ్గర ఒక బుట్ట కొన్నాను. అతనికి అనుమానం రాలేదు. ఆమెకు వచ్చింది. ఆ సాయంత్రం గోడ దగ్గరికి వచ్చింది.

"గా బుట్ట ఏడికి పోతుంది సారూ?"

నేను అబద్ధం చెప్పలేదు. పరీక్ష సంగతి చెప్పాను. మీ పేరు రాదు, దూరపు ఊరి మనిషని చెప్పానన్నాను.

"వద్దు," అన్నది. "నీకు పుణ్యముంటది, వద్దు."

"నేను చెప్పనని మాటిస్తున్నానండి."

"నువ్వు చెప్పవు సారూ. నీ నోరు చెప్తది."

ఆ మాట నన్ను గుచ్చింది. ఆమెకు భయం, ఆ భయమే వాళ్ళ బలం అని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ వాక్యాన్ని చూస్తే నాకు అసహ్యంగా ఉంది. ఎవరి మెడ మీద కత్తి ఉందో వాళ్ళు వద్దంటుంటే, కత్తికి దూరంగా నిలబడ్డవాడు దాన్ని పిరికితనం అన్నాడు.

అలుగు పారిన రెండో రోజు బుట్టలు దించారు. ఊరి మేదరిది పెడితే నేను వంక పెడతానని, పెద్ద తెచ్చింది మదీనాగూడ దిక్కున ఎవరో అల్లిన బుట్ట. దానికి పసుపు, కుంకుమ, కోడి. నా దానికి ఏమీ లేదు. మర్నాడు పొద్దున ఊరు సగం కట్ట మీదికి వచ్చింది. నా బడి పిల్లలు కూడా. మొదటి బుట్ట ఎత్తితే నాలుగు పరక చేపలు, ఒక పీత. గొంతు బద్దలు మందంగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఎవరైనా చూసి చెప్పొచ్చు. రెండో బుట్టను ఎత్తడానికి ఇద్దరు కావలసి వచ్చింది. లోపల కొర్రమట్టలు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. జెల్లలు, పరకలు, జానెడు, మూరెడు. ఒక ముసలామె అబ్బ అన్నది.

చేపల పెద్ద ఉమ్మాడు. తర్వాత అన్న మాటలో, న్యాయంగా చెప్పాలంటే, తప్పు లేదు.

"ఒక్కనాడు పడితే ఏమాయె? వారం పెట్టు, నెల పెట్టు. అప్పుడు చెప్పు."

ఒక్క పరీక్ష చాలదని అన్నాడు. ఏ శాస్త్రజ్ఞుడైనా అదే అనాలి. సరే, వారం పెడదామని నేను అని ఉండాల్సింది. బుట్టలు వారం పాటు నీళ్ళలో ఉండేవి, ఆమె ఆ ఇంట్లో ఉండేది. కానీ అతను ఆఖరి తలుపు మూసుకున్నాడని నాకు కనిపించింది. నా దగ్గర గట్టి రుజువు ఉంది. పదిమంది నా మొహం చూస్తున్నారు.

"వారం ఎందుకు, నెల ఎందుకు?" అన్నాను. "నాలుగేళ్ళుగా మీరు ఈ చెరువులో పెడుతున్న ప్రతి బుట్టకూ గొంతు అల్లింది మీ మేదరి వదినే. నాలుగేళ్ళుగా చెరువు ఎండిందా?"

అంత గట్టి జవాబు నేను జన్మలో ఇవ్వలేదు. ఆ క్షణంలో లోపల పొంగిన సంతోషం కూడా గుర్తుంది, దాన్ని దాచను. చప్పట్లు వస్తాయని ఎదురుచూశానేమో కూడా. చప్పట్లు రాలేదు. ముందు వరుసలో ఉన్నవాళ్ళు బుట్ట నుంచి వెనక్కి జరిగారు. చేపల పెద్ద ఒక కర్రతో బుట్టను కట్ట మీదే బోర్లించాడు. చేపలు మట్టిలో ఎగిరెగిరి పడ్డాయి. ఎవరూ ముట్టుకోలేదు. విధవ శక్తికి పడ్డ చేపలట, తింటే ఇంట్లో పీనుగు లేస్తుందట. పడకపోతే ఆమె మైల, పడితే ఆమె చేతబడి. తర్కంలో ఓడిపోవడానికి కూడా కొంచెం తర్కం ఉండాలని నాకు అప్పుడు తెలిసింది.

ఆ చేపలు నాలుగు రోజులు కట్ట మీదే కుళ్ళాయి. మొదటి రోజు కాకులు, రెండో రోజు కుక్కలు, తర్వాత పురుగులు. గాలి మళ్ళితే ఆ కంపు బడిలోకి వచ్చేది. పిల్లలు ముక్కులు మూసుకుని ఎక్కాలు చదివారు. కడుపునిండా తినని పిల్లలు ఆ బడిలో సగం మంది. నా చేతికర్ర మీద, చొక్కా మీద, నోట్‌బుక్కుల మీద ఆ వాసన. సబ్బు అరిగిపోయింది, వాసన పోలేదు.

బుట్ట బోర్లించిన రోజు మధ్యాహ్నమే మేదరిని కట్ట మీదికి పిలిపించారు. నేనూ వెళ్ళాను. అడ్డుపడి మాట్లాడాను కూడా. నా మాట ఎవరూ వినలేదు, మేదరితో సహా. తనకేమీ తెలియదని, తను పనికి పోయినప్పుడు ఆమే దొంగతనంగా అల్లిందని అతను చెప్పాడు. ఆమె చేతిలో నాలుగేళ్ళుగా బద్దలు పెట్టినవాడు. ఇక ఆమె వెదురు ముట్టదని, తన ఇంట్లో ఉండదని భూమి తట్టి ప్రమాణం చేశాడు.

పాత బుట్టలను ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. మూడింటిని అందరి ముందు కాల్చారు. అప్పటికే పాడైపోయినవి, నేను చూశాను. మిగిలినవి కాలిస్తే ఆ ఏడాది చేపలు పట్టేదెట్లా? కొత్తవి అల్లేదెవరు? అందుకని గోమూత్రం చల్లి, పసుపు రాసి మళ్ళీ నీళ్ళలో పెట్టుకున్నారు. ఆమె అల్లిన బుట్టకు శుద్ధి ఉంది. ఆమెకు లేదు. ఆవు ఉచ్చకు ఉన్న శక్తి గురించి చాలా విన్నాను గానీ, అది వెదురు మీద పనిచేసి మనిషి మీద పనిచేయదని ఆ రోజే తెలిసింది.

ఆమె గుట్ట దగ్గర రాళ్ళు కొట్టే పనికి పోయింది. అక్కడి కూలీల గుడిసెల్లో ఒక మూల ఉండేది. నెల తర్వాత రాయదుర్గం దారిలో ఎదురైంది, నెత్తి మీద కంకర తట్ట. వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉన్నది. నేను ఆగి, తహసీలు కచేరీలో అర్జీ పెడతానని, పత్రికకు రాస్తానని, ఇంతటితో వదలనని చెప్పడం మొదలుపెట్టాను.

"ఇంకా మాట్లాడతవా సారూ?" అన్నది. తిట్టినట్టు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

అర్జీ పెట్టలేదు. పత్రికకూ రాయలేదు.

మరుసటి వానాకాలానికి పాత బుట్టల గొంతులు మురిగి ఊడిపోయాయి. మేదరి కొత్త గొంతులు అల్లాడు. చేపలు ఒక వైపు నుంచి దూరి, కాసేపు తిరిగి, అదే వైపు నుంచి బయటికి పోయాయి. కోడి తర్వాత మేకను కోశారు. రక్తం ఎక్కువైంది, ఈగలు ఎక్కువయ్యాయి, చేపలు కాలేదు. అది కూడా ఆమె శాపమేనన్నారు. ఆ మాట పది రోజులు నిలిచింది. పదకొండో రోజు పొద్దున్నే చేపల పెద్ద మేదరి ఇంటికి వచ్చాడు. నేను పెరట్లో మొహం కడుక్కుంటున్నాను. వాళ్ళు నన్ను చూసి కూడా చూడనట్టు ఉన్నారు. ఆమెను గుట్ట దగ్గర నుంచి అప్పటికే పిలిపించారు. ఆమె పెరటి గడపకు ఇవతల నిలబడి ఉన్నది.

"ఎవరల్లిన్రో మేము అడగం," అన్నాడు పెద్ద. "మీరు చెప్పొద్దు. గంతే."

మేదరి భూమి వైపు చూస్తూ, ఇంట్లో ఎప్పటి చోటు అప్పటిలాగే ఉందన్నాడు. ఏడాది కింద అదే భూమిని తట్టినవాడు. నాకు నోట్లో నీళ్ళు చేదయ్యాయి. తెలియనంత వరకూ మైల లేదు. తెలియకుండా ఉండడానికి ఇంటిదాకా నడిచి వచ్చారు. వాళ్ళ నమ్మకాన్నయినా వాళ్ళు నమ్మి ఉంటే నాకు ఇంత రోత పుట్టేది కాదు. ఆమె ఇప్పుడు వాళ్ళ మొహాన ఉమ్మాలని, కట్ట మీద, నలుగురిలో కూర్చునే అల్లుతానని పట్టుబట్టాలని కోరుకున్నాను. నేను ఆమె స్థానంలో ఉంటే అదే చేసేవాణ్ణి అనుకున్నాను. నేను ఆమె స్థానంలో ఎప్పుడూ లేను.

ఆమె చేతుల గుడ్డపీలికలు విప్పుతూ అన్నది.

"అల్లుత. కాని ఒకటి. పక్కింట్ల ఈ సారు ఉండొద్దు."

మేదరి నా వైపు చూశాడు. చేపల పెద్ద కూడా చూశాడు, మొదటిసారి ఉమ్మకుండా. ఆమె చూడలేదు. నేను ఏమీ అనలేదు. అనడానికి నా దగ్గర అప్పుడు కూడా మంచి వాదనే ఉన్నది. ఈ రాజీతో పది తరాలు ఇదే మురికిలో ఉంటాయని, ఈ తరంలో ఎవరో ఒకరు నష్టపోతేనే తర్వాతి తరం బాగుపడుతుందని. అందులో ఒక్క అక్షరం తప్పని నేను ఇవాళ్టికీ ఒప్పుకోను. కానీ నష్టపోయే ఆ ఎవరో ఒకరు గోడకవతల నిలబడి, చర్మం లేచిన వేళ్ళను చీరకు తుడుచుకుంటున్నారు.

మొహం తుడుచుకుని లోపలికి పోయి బట్టలు మడిచాను. బడి మొదలయ్యేలోపే పుప్పాలగూడలో వేరే గది మాట్లాడుకుని వచ్చాను. సామాను బండికెత్తడానికి మేదరే వచ్చి సాయం పట్టాడు. చాలా మర్యాదగా, ఒక్క పుస్తకం కూడా కింద పడకుండా.